పనిలేని రోజుకు ఖరీదు కట్టేదెవరు?

(అడవి అంచు పల్లెల కూలీల సమావేశంలో మేము మాట్లాడిన మాటలు ఇవి. మధ్యలో జనం అడిగిన ప్రశ్నలను కూడా తీసెయ్యకుండా అట్లాగే రాసి ఇస్తున్నాం.)



పొద్దున మేము ఇటు నడిచి వస్తుంటే బోరింగు కాడ ఒక అక్క అడిగింది, "ఏం మీటింగన్నా?" అని. "నిరుద్యోగ బీమా గురించి అక్కా" అన్నాం. ఆమె బిందె నెత్తికెత్తుకుంటూ నవ్వింది. "నిరుద్యోగమంటే సదువుకున్న పిల్లగాళ్లది గదా, మాకేంది?" అన్నది.

ఆ అక్క తప్పేం మాట్లాడలేదు. డిగ్రీ చదివినోడికి కొలువు దొరక్కపోతే వాడు నిరుద్యోగి. పేపర్లో పడతాడు, వాడి కోసం ధర్నా జరుగుద్ది, ఎలక్షన్లప్పుడు వాడికి భృతి ఇస్తామని గోడల మీద రాస్తారు. అదే మాల మాదిగ కూలోడికి, కోయ కూలోడికి నెలరోజులు పని దొరక్కపోతే వాణ్ని నిరుద్యోగి అనరు. "ఖాళీగున్నడు" అంటారు. ఇంకొంచెం పెద్దమనుషులైతే "ఒళ్లొంగదు" అంటారు. మాట దగ్గరే మన లెక్క తప్పించారు. ఖాళీగా ఉన్నోడికి బీమా ఎందుకు? కాబట్టి ఇయ్యాల ముందు మాటను సరిచేసుకుని, తర్వాత రూపాయల లెక్కలోకి పోదాం. లెక్కలంటే భయపడకండి. దొర గుమాస్తా వేసిన లెక్క కంటే ఇది తేలిక.

ముందు మన ఏడాదిని చూద్దాం. మృగశిర కార్తెలో వాన పడితే పత్తి గింజలు పెట్టుడు, తర్వాత నాట్లు, కలుపు. వినాయక చవితి దాటినంక కొన్నాళ్లు ఖాళీ. దసరా ముందో వెనకో పత్తి ఏరుడు మొదలు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా మిర్చి కోతలు. ఇక్కడి చేతులు చాలవని గోదావరి అవతల నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా జనం దిగుతారు. ఆ వెనకే ఏప్రిల్, మే నెలల్లో తునికాకు. కోడి కూయకముందే లేచి అడవికి పోవాల, మధ్యాహ్నానికి దిగిరావాల, ఇంటిల్లిపాదీ కూసుని కట్టలు కట్టాల, సందెకు కల్లానికి చేర్చాల. కట్టకు 50 ఆకులు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బస్తా. అంటే 50 వేల ఆకులు, ఒక్కొక్కటి చేత్తో తెంపినవి. కట్టలో ఆకు తగ్గితే కల్లేదారు విసిరేస్తాడు, ఎక్కువైతే మాత్రం నోరెత్తడు. ఆ పని కూడా ఏడాదిలో కొద్ది వారాలే. అది అయిపోయి వాన పడేదాకా మళ్లీ ఆకాశం దిక్కు చూసుడు.

మొత్తం కలిపితే మనకు పని ఉండే రోజులెన్ని, లేని రోజులెన్ని? ఇక్కడ కూర్చున్న ఎవరినైనా అడగండి, పని చేసిన రోజు గుర్తుంటుంది. కూలి బాకీ ఉన్న రోజు అంతకంటే బాగా గుర్తుంటుంది. పనిలేని రోజు మాత్రం ఎవరికీ గుర్తుండదు. మొన్న ఒక చోట ఇదే మాట మాట్లాడుతుంటే ఒక పెద్దమ్మ అడిగింది: "పనికి పోతే మేస్త్రి పేరు రాస్తడు. పని లేని రోజు నా పేరు ఎవరు రాస్తరు బిడ్డా?" ఈ ప్రశ్నకు మేము అప్పుడు జవాబు చెప్పలేకపోయాం. ఆమెకు బాకీపడ్డ జవాబే ఈ ఉపన్యాసమనుకోండి.

మీరు అనుకోవచ్చు, మనకు బీమా అనేది ఎన్నడూ లేదని. ఉంది. దాని పేరు అప్పు. మన తాతలు జీతాలున్న కాలంలో కరువు నెలల్లో దొర గాదె నుంచి నాగు తెచ్చుకునేటోళ్లు. పుట్టెడు తెస్తే పంట మీద పుట్టిన్నర కొలవాలి. ఆ సగం పుట్టి ఏంది? పనిలేని రోజుల్లో ప్రాణం నిలబెట్టినందుకు కట్టిన ప్రీమియం. ఇప్పుడు నాగు పోయింది, మూడు రూపాయల వడ్డీ వచ్చింది. తునికాకు అయినంక 5,000 తెచ్చుకుని నాలుగు నెలల తర్వాత కడితే వడ్డీ 600. ఎల్లైసీ వాడు ప్రీమియం తీసుకుంటే కనీసం రసీదు ఇస్తాడు, చస్తే పైసలిస్తాడు. ఈ బీమాలో రసీదు లేదు, కట్టేటోడూ మనమే, అసలు తిరిగి ఇచ్చేటోడూ మనమే. దీన్ని బీమా అనాలా, జలగ అనాలా మీరే చెప్పండి.

అసలైన బీమా ఎట్లా నడుస్తదో చూద్దాం. ఊళ్లో 100 గుడిసెలున్నాయి. ఏడాదికి ఒక గుడిసె కాలుద్దని అందరికీ తెలుసు, ఎవరిదో తెలియదు. గుడిసె కట్టడానికి 50 వేలు. ఇంటికి 500 చొప్పున వేసుకుంటే 50 వేలు. కాలినోడు కట్టుకుంటాడు, మిగతా 99 మంది నిమ్మళంగా నిద్రపోతారు. ప్రీమియం అంటే ఇంతే. నష్టం ఎంత, ఎందరికి వస్తది, దాన్ని ఎందరు పంచుకుంటారు అనేది.

ఇదే లెక్క పనిలేని రోజుకు వేద్దాం. అంకెలు లెక్క కోసం మేము అనుకున్నవి, మీ ఊరి అంకెలు మీరు పెట్టుకోండి. ఒక కూలి ఏడాదిలో 180 రోజులు పని చేసింది, రోజుకు 400. వచ్చింది 72,000. ఇంకో 90 రోజులు పనికి సిద్ధంగా ఉంది, పిలిచినోడు లేడు. ఆ 90 రోజులకు సగం కూలి, అంటే 200 చొప్పున ఇయ్యాలంటే 18,000 కావాలి. దీన్ని ఆమె పని చేసిన రోజుల్లోనే దాచుకోవాలంటే? 18,000ను 180తో భాగించండి. రోజుకు 100. నాలుగు వందల కూలిలో నూరు రూపాయలు తీసి డబ్బాలో వెయ్యాలి. ఏ తల్లి వెయ్యగలదు? పిల్ల జ్వరానికే ఆ నూరు పోతది.

అయితే అందరం కలిసి వేసుకుందాం, గుడిసెల లెక్క మాదిరి, అని ఒక తమ్ముడు అన్నాడు. మంచి మాటే. కానీ తిరకాసు ఇక్కడే ఉంది. గుడిసెలు ఒక్కటొక్కటిగా కాలతాయి. మన పని మాత్రం ఒకే రోజున అందరిదీ కాలిపోతది. మిర్చి అయిపోయిందంటే వాడ వాడంతా ఇంట్లో కూసుంటది. కట్టేటోడు లేడు, అందరూ తీసుకునేటోళ్లే. 200 మంది కూలీలున్న ఊరికి ఏడాదికి 36 లక్షలు కావాలి. ఆ 36 లక్షలు ఆ 200 మంది జేబుల్లోంచే రావాలంటే అది బీమా కాదు, మన ఆకలిని మనమే వాయిదాల్లో తినడం. పొదుపు సంఘాలు పెట్టుకోండి, అంతా బాగుపడతారు అని ఆఫీసర్లు వచ్చి చెప్పిపోతుంటారు గదా, వాళ్లకు ఈ చిన్న లెక్క చెప్పండి. పొదుపు వద్దని మేము అనడం లేదు. పొదుపుతో తీరే జబ్బు కాదంటున్నాం. ఊరికి బయటి నుంచి, పని ఉన్న చోటి నుంచి, మన శ్రమ మీద లాభం పోగైన చోటి నుంచి డబ్బు రావాలి.

ఈ సంగతి తెల్లోడికి నూరేళ్ల కిందనే తెలుసు. 1911లో బ్రిటన్‌లో జాతీయ బీమా చట్టం చేశారు. వారానికి కార్మికుడు రెండున్నర పెన్నీలు, యజమాని రెండున్నర పెన్నీలు, ఆ రెంటినీ కలిపినదాంట్లో మూడో వంతు సర్కారు. పని పోతే వారానికి ఏడు షిల్లింగులు, ఏడాదిలో 15 వారాల దాకా. ఐదు వారాలు కడితే ఒక వారం భత్యం. ఐదు వారాలకు ముగ్గురిదీ కలిపి 33 పెన్నీలు జమైతే వచ్చేది 84 పెన్నీలు. మిగతాది పని పోనోళ్ల దగ్గర్నుంచి. బాగానే ఉంది. అయితే ఎవరికి? ఓడలు కట్టేటోళ్లకు, ఇండ్లు కట్టేటోళ్లకు, ఇంజనీరింగు పనోళ్లకు. పొలం కూలికి? 1936 దాకా ఆగమన్నారు. పాతికేళ్లు.

అమెరికా సంగతి ఇంకా మనకు దగ్గరిది. 1935లో సామాజిక భద్రతా చట్టం చేసి నిరుద్యోగ బీమా పెట్టారు, దానికి పన్ను యజమానులే కట్టాలన్నారు. కానీ పొలం కూలీలకూ ఇళ్లల్లో పాచిపని చేసేటోళ్లకూ వర్తించదు అన్నారు. ఎవరు వాళ్లు? వాళ్లల్లో చాలామంది దక్షిణాది రాష్ట్రాల నల్లజాతి ప్రజలు. దేశంలోని నల్ల కార్మికుల్లో సగానికి పైగా ఆ ఒక్క వాక్యంతో బయటపడ్డారు. నల్లవాళ్ల వకీలు చార్లెస్ హూస్టన్ అదే ఏడాది సెనేట్ కమిటీ ముందు నిలబడి ఈ చట్టం జల్లెడ లాంటిది, నల్లవాళ్లు జారిపోయేంత కంతలు పెట్టారు అన్నాడు. చట్టంలో ఎక్కడా నలుపు అనే మాట లేదు. మన దగ్గర కూడా చట్టంలో మాల, మాదిగ, కోయ అనే మాటలు ఉండవు. "వ్యవసాయ కూలీలు మినహా" అంటే చాలు, పని అయిపోతది.

మన దేశంలో బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూశాడు. ఆయన హయాంలోనే 1943లో అడార్కర్ అనే ఆయనను ఫ్యాక్టరీ కార్మికుల ఆరోగ్య బీమా మీద పథకం రాయమన్నారు. 1944లో రిపోర్టు వచ్చింది, దాని మీదనే 1948లో ఈఎస్ఐ చట్టం. చాలామందికి బాబాసాహెబ్ అంటే రాజ్యాంగం, రిజర్వేషన్లు మాత్రమే. ఆయన 1947లో రాసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్' తెరిచి చూడండి. భూమి రాజ్యానిది కావాలన్నాడు. బీమా మొత్తం రాజ్యం చేతిలోనే ఉండాలన్నాడు. ప్రతి వయోజనుడికీ అతని కూలికి తగ్గట్టు జీవిత బీమా ఉండాలన్నాడు. ఫ్యాక్టరీ మనిషికే కాదు, ప్రతి మనిషికీ. భూమినీ బీమానూ ఒక్క పుస్తకంలో పెట్టింది ఊరికే కాదు. భూమి లేనోడికి బీమా కూడా లేకపోతే వాడు దొర గడప దగ్గరే నిలబడాలని ఆయనకు తెలుసు.

ఇప్పుడు ఈఎస్ఐ లెక్క. మన పిల్లలు పాల్వంచ, సారపాక, మణుగూరు దిక్కు ఫ్యాక్టరీల్లో, ప్లాంట్లలో కాంట్రాక్టు పనికి పోతున్నారు, ఈ ముక్క వాళ్లు జాగ్రత్తగా వినాలి. 2019 జులై 1 నుంచి జీతంలో నూటికి ముప్పావలా కార్మికుడిది, మూడుంపావలా యజమానిది. మొత్తం నాలుగు. నెలకు 12,000 వస్తే మీ జీతంలో కోత 90, యజమాని కట్టాల్సింది 390. వైద్యం, జబ్బు సెలవు, ప్రసూతి అన్నీ ఇందులోనే. 2018 జులైలో దీనికే అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన అని ఒకటి తగిలించారు. పని పోతే రోజు సగటు కూలిలో నాలుగో వంతు, 90 రోజుల దాకా. కరోనా వచ్చినంక 2020లో దాన్ని సగం చేశారు. రోజుకు 400 సగటైతే 200 చొప్పున 90 రోజులకు 18,000. ఇందాక మన కూలి అక్కకు కావాల్సింది కూడా సరిగ్గా 18,000 కదా! ఫ్యాక్టరీ తమ్ముడు ఏడాదికి తన జేబులోంచి 1,080 కట్టి ఈ హక్కు సంపాదించాడు, అక్క రోజుకు నూరు కట్టినా సంపాదించలేదు. తేడా తెలివిలో లేదు. మూడుంపావలా కట్టే యజమాని ఉన్నాడా లేడా, పూచీపడ్డ సర్కారు ఉందా లేదా అన్నదే తేడా.

అయితే ఆ తమ్ముడికైనా దక్కుతుందా? ఈ పథకం జీవితంలో ఒక్కసారే. శాశ్వత హక్కు కాదు, గడువు పెట్టి పొడిగించుకుంటూ వచ్చిన పథకం. కనీసం రెండేళ్లు బీమాలో ఉండాలి, పని పోవడానికి ముందున్న ఆరునెలల లెక్కలో 78 రోజులకైనా చందా జమై ఉండాలి. తప్పు చేశాడని తీసేస్తే రాదు, తనంతట తాను మానుకున్నా రాదు.

మాలో ఒక తమ్ముడు ఈ ప్రాంతంలోనే ఒక ఫ్యాక్టరీలో, పేరెందుకులెండి, ఆరేళ్లు పనిచేశాడు. అదే గేటు, అదే మిషను, అదే బూడిద. కాంట్రాక్టరు మాత్రం నాలుగుసార్లు మారాడు. మారినప్పుడల్లా కొత్త ఈఎస్ఐ నంబరు. చివరికి 20 మందిని ఒక్క సాయంత్రం రావద్దన్నారు. భత్యం కోసం అడగబోతే చివరి నంబరు మీద ఐదు నెలల చందానే ఉంది. పాత నంబర్లలోని ఏళ్లన్నీ వేరే మనిషివి అయిపోయాయి. దానికితోడు పెండింగు జీతం ఇస్తామని పిలిచి ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అది రాజీనామా అని వాడికి తర్వాత తెలిసింది. వాడు ఇప్పుడు మిర్చి కోతకు పోతున్నాడు. అందుకే చెబుతున్నాం: కాంట్రాక్టరు మారినా పాత బీమా నంబరే ఇయ్యండి, కొత్తది తీసుకోవద్దు. చందా జమైతుందో లేదో ఆరునెలలకోసారి చూసుకోండి. చదవకుండా, చదివించుకోకుండా సంతకం పెట్టొద్దు. వేలిముద్రల కాలంలో మన తాతల భూములు పోయినట్టే సంతకాల కాలంలో మన బీమాలు పోతున్నాయి.

1948 నాటి ఆ చట్టం 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. అసంఘటిత కార్మికులకు పథకాలు పెడతామని అందులో రాశారు. ప్రమాదం, చావు, వైద్యం, ప్రసూతి, ముసలితనం అని పేర్లు పెట్టి రాశారు. పనిలేని రోజు అని మాత్రం రాయలేదు.

ఇక కరువు పని. కాగితం మీద దాన్ని ఉపాధి హామీ అంటారు, మనకు అది కరువు పనే. 2005లో చట్టం, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలు. మన ఖమ్మం జిల్లా మొదటి విడతలోనే ఉంది. అందరికీ నూరు రోజుల మాట తెలుసు. చట్టంలో ఏడో సెక్షన్ ఉందని ఎంతమందికి తెలుసు? పని కావాలని దరఖాస్తు పెట్టిన 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి అన్నది ఆ సెక్షన్. మొదటి 30 రోజులకు కూలిలో నాలుగో వంతుకు తగ్గకుండా, ఆ తర్వాత సగానికి తగ్గకుండా. చూశారా, కూలోడి పనిలేని రోజును "నిరుద్యోగం" అని ఈ దేశం ఒప్పుకున్నది అక్కడ. పైసా ప్రీమియం లేకుండా.

2025-26లో మన రాష్ట్రంలో రోజు కూలి 307. నాలుగో వంతు 76 రూపాయల 75 పైసలు, 30 రోజులకు 2,302 రూపాయల 50 పైసలు. సగం అంటే 153 రూపాయల 50 పైసలు, మిగతా 70 రోజులకు 10,745. ఏడాది పొడుగునా ఒక్కరోజు పని కూడా చూపకపోతే ఒక కుటుంబానికి 13,047 రూపాయల 50 పైసలు బాకీ. ఈ సభలో ఎవరైనా ఈ భృతి తీసుకున్నోళ్లు ఉంటే చెయ్యెత్తండి.

(ఎవరూ చెయ్యెత్తలేదు.)

ఎందుకు రాలేదు? పని అడిగినట్టు తారీఖు వేసిన రసీదు మీ దగ్గర లేదు కాబట్టి. మనం నోటితో అడుగుతాం. "సారూ, పని ఎప్పుడు?" "వచ్చే వారం చూద్దాం." ఆ మాటకు తారీఖు లేదు. పని వచ్చినప్పుడే కంప్యూటర్లో పని అడిగినట్టు ఎక్కిస్తారు. అడిగిన రోజూ ఇచ్చిన రోజూ ఒక్కటే అయితే ఆలస్యం ఎక్కడుంది? భృతి ఎక్కడుంది? పెద్దమ్మ అడిగిన ప్రశ్నకు చట్టం చెప్పిన జవాబు ఆ రసీదు. ఆ రసీదునే మాయం చేశారు. 2020లో ఫీల్డ్ అసిస్టెంట్లను తీసేశారు, 2022లో మళ్లీ తీసుకున్నారు. ఆ మధ్య దరఖాస్తు ఎవరి చేతిలో పెట్టాలో కూడా తెలియకుండా పోయింది. తర్వాత సెల్‌ఫోన్ హాజరు వచ్చింది. పొద్దున ఒక ఫొటో, మధ్యాహ్నం ఒక ఫొటో. అడవిలో సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే చేసిన పని కూడా పనిలేని రోజే.

దీంట్లో సర్కారు లెక్క ఏందో చూడండి, అది తెలుసుకుంటేనే మన లెక్క నిలబడుద్ది. పాత చట్టంలో పని చూపితే కూలి డబ్బు మొత్తం ఢిల్లీది. చూపకపోతే భృతి రాష్ట్రానిది. అంటే పని ఇస్తే రాష్ట్రానికి కూలి ఖర్చు సున్నా, ఇవ్వకపోతే 76 రూపాయల 75 పైసలు. పని ఇయ్యడమే లాభం. చట్టం రాసినోళ్లు తెలివిగానే రాశారు. రసీదు ఇవ్వకుండా తప్పించుకుంటారని ఊహించలేదు, అంతే.

2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. వికసిత్ భారత్ అని పొడుగు పేరు పెట్టారు. నూరు రోజులు 125 అయ్యాయి. వినడానికి బాగుంది. కానీ ఖర్చులో రాష్ట్రం వాటా నూటికి 40. ఇదే 307 కూలి పెట్టుకుని చూడండి. పని ఇస్తే రాష్ట్రానికి రోజుకు 122 రూపాయల 80 పైసలు ఖర్చు. పాత లెక్కనే నాలుగో వంతు భృతి అయితే, పని ఇవ్వకపోతే 76 రూపాయల 75 పైసలు. అంటే మొదటి 30 రోజులు పని ఇవ్వకపోవడమే రోజుకు 46 రూపాయల లాభం! రసీదు కూడా ఇవ్వకపోతే 122 రూపాయలూ లాభమే. పైగా ఢిల్లీ కేటాయించిన దానికి మించి ఖర్చయితే మొత్తం రాష్ట్రమే పెట్టుకోవాలి. విత్తనాలు, కోతల కాలంలో ఏడాదికి 60 రోజుల దాకా పని ఆపుకునే వీలు కూడా ఇచ్చారు. మిర్చి కోతప్పుడు కరువు పని లేకపోతే కూలి రేటు ఎవరు పలుకుతారో మీకు చెప్పాల్నా?

ఇంతలో ఒకాయన లేచి అడిగాడు: "12 వేలు ఇస్తున్నరు గదన్నా?" మంచిగా గుర్తుచేశాడు. 2025 జనవరి 26న తెలంగాణలో ఇందిరమ్మ ఆత్మీయ భరోసా మొదలుపెట్టారు. భూమి లేని, కరువు పనిలో కనీసం 20 రోజులు చేసిన కూలి కుటుంబానికి ఏడాదికి 12,000 అన్నారు. కూలోడి పేరుతో డబ్బు అన్న ఆలోచన మంచిదే, మేము కాదనం. 365తో భాగిస్తే రోజుకు 33 రూపాయలు కూడా లేదు. అదే రోజు రైతు భరోసా కూడా మొదలుపెట్టారు, ఎకరానికి 12,000. కూలోడికి ఇంటికి 12 వేలు, భూమి ఉన్నోడికి ఎకరానికి 12 వేలు. పదెకరాల ఆసామికి లక్షా ఇరవై వేలు. ఇంకో చిత్రం: సర్కారు ఎప్పుడో ఇచ్చిన అర ఎకరం రాళ్ల పట్టా ఉన్న మాదిగ ఇల్లు భూమి ఉన్న ఇల్లు కింద లెక్క. కూలి భరోసా రాదు. రైతు భరోసా వస్తే ఆరు వేలు. అర ఎకరం ఉండడం వల్ల ఆరు వేలు పోగొట్టుకున్నాడు!

మరి డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? మీద పడే ప్రశ్న ఇదే. ఈఎస్ఐ వాటాల ప్రకారం పంచితే మన నూరు రూపాయల ప్రీమియంలో కూలిది 18 రూపాయల 75 పైసలు, యజమానిది 81 రూపాయల 25 పైసలు. మన యజమాని ఎవరు? పెద్ద ఆసామి ఉన్నాడు, కాదనం. కానీ కౌలుకు రెండెకరాలు మిర్చి పెట్టిన మన వాడే కూడా ఉన్నాడు. 2025 మొదట్లో ధర పడిపోయినప్పుడు కల్లంలోనే కూలబడ్డది వాడే. వాడి మీద 81 వేస్తే వాడు మనకు శత్రువైతాడు, పెద్దోడు పక్కన నిలబడి నవ్వుతాడు. కాబట్టి పైకి చూడాలి. మహారాష్ట్రలో ఉపాధి హామీ కోసమే 1975లో వృత్తి పన్ను చట్టం తెచ్చారు. బొంబాయి ఆఫీసుల్లో జీతగాళ్లు కట్టిన పన్నుతో పల్లెల్లో కూలి పని నడిచింది. మన రాష్ట్రంలోనూ వృత్తి పన్ను నెలకు 200 దాకా కోస్తారు, కూలి కోసమని మాత్రం ఎవరూ రాయలేదు. భవన నిర్మాణానికి 1996 చట్టంతో ఖర్చులో నూటికి ఒక రూపాయి సెస్సు పెట్టారు, కూలి కట్టక్కర్లేదు. కట్టించేటోడే కట్టాలి. బీడీల మీద 1976 నుంచి ఉన్న సంక్షేమ సెస్సును 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఎత్తేశారు. అది ఉన్నప్పుడు కూడా బీడీ చుట్టే అక్కకే, ఆకు తెంపే అక్కకు కాదు. మిర్చి మార్కెట్లో కూడా వ్యాపారం మీద నూటికి ఒక రూపాయి ఫీజు ఉంది. క్వింటాలు 15,000 పలికితే 150. ఆ క్వింటాలును కోసిన చేతులకు అందులో ఎన్ని పైసలు?

ఒక్క మాట మాత్రం చెప్పక తప్పదు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ పెట్టి పని ఆపినప్పుడు ములుగు జిల్లా మిర్చి తోటల నుంచి ఒక 12 ఏళ్ల ఆదివాసీ పిల్ల తన వాళ్లతో అడవి దారిన బీజాపూర్ దిక్కు నడిచి, ఇంటికి దగ్గరకు వచ్చి చనిపోయింది. ఆ ఏడాదే ఫ్యాక్టరీ కార్మికుడి భత్యం నాలుగో వంతు నుంచి సగం చేశారు. ఆ పిల్ల ఏ రాష్ట్రం లెక్కలో ఉంది? ఏ రిజిస్టర్లో ఉంది? పనిచేసే వయసే కాదు, అది వేరే సంగతి. 2014లో మన ఏడు మండలాలు ఆంధ్రలోకి పోయాయి. వాగుకు ఇటున్న కూలి జాబ్ కార్డు ఒక రాష్ట్రానిది, అటున్న అక్కది ఇంకో రాష్ట్రానిది, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినోళ్లది మూడో రాష్ట్రానిది. ముగ్గురూ ఒకే తోటలో కోస్తారు, ఒకే రోజున ముగ్గురికీ పని పోతది. కార్డు మనిషి వెంట నడవాలి. మన కోర్కెల కాగితంలో ఈ ముక్క లేకపోతే మనం కూడా జల్లెడ పట్టుకున్నోళ్లమే.

ఇప్పుడు పెద్దమ్మ ప్రశ్నకు వద్దాం. పనిలేని రోజు పేరు ఎవరు రాస్తరు? మనమే రాస్తాం. ప్రతి వాడకూ, ప్రతి గూడేనికీ ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు. ఐదు గీతలు కొట్టండి. తారీఖు. మనిషి పేరు. ఆ రోజు పని దొరికిందా లేదా. దొరికితే ఏం పని, ఎంత కూలి. దొరక్కపోతే ఎవరిని అడిగాం, ఏం జవాబు వచ్చింది. రాసేది చదువుకున్న పిల్లగాళ్లు. నిరుద్యోగులమని తిరుగుతున్నారు గదా, వాళ్లకూ పని దొరికినట్టు ఉంటది. పంచాయతీలో పని అడిగేటప్పుడు పదిమంది కలిసి కాగితం మీద అడగండి, రెండో కాపీ మీద తారీఖుతో సంతకం పెట్టించుకోండి. పెట్టనంటే ఆ కాగితాన్ని స్పీడ్ పోస్టులో ఎంపీడీవోకు పంపండి, పోస్టాఫీసు ఇచ్చిన చీటీని బుక్కులో అంటించండి. సర్కారు రసీదు ఇవ్వకపోయినా పోస్టుమాస్టరు ఇస్తాడు.

వానలు పడేదాకా రాయండి. నాట్లు మొదలయ్యే ముందు ఒక ఆదివారం అన్ని బుక్కులూ తీసుకుని మళ్లీ ఇక్కడికే వద్దాం. 90 అని మేము అనుకున్న అంకె అబద్ధమైతే ఆ రోజు మీ బుక్కుతో కొట్టెయ్యండి. 120 అని తేలితే ఇందాకటి ప్రీమియం నూరు కాదు, 133 అవుతది. ఆ అంకె పట్టుకుని ముందు ఎంపీడీవో ఆఫీసుకు, తర్వాత కలెక్టరాఫీసుకు పోదాం. బుక్కులు ఇక్కడ బల్ల మీద ఉన్నాయి, వాడకొకటి తీసుకుపోండి. పెన్నులు మాత్రం మీరే తెచ్చుకోవాలి.